కలియుగ భీముడి బలం: కంచంలో ఎంత, కసరత్తులో ఎంత?

శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో డెలానీపూర్ ఒక పేట. అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు అని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. వారిలో అధిక సంఖ్యాకులు ఉత్తరాంధ్ర నుంచి బంగాళాఖాతం దాటి వచ్చినవారు, వారి సంతతివారు. ఆ ఉత్తరాంధ్రలో బలానికి మారుపేరుగా నేటికీ వినిపించే పేరు కోడి రామమూర్తి నాయుడు. కలియుగ భీముడిగా ప్రఖ్యాతి పొందిన ఆయన శాకాహారి.

డెలానీపూర్‌లోనైనా, పాలకొండలోనైనా నేడు వ్యాయామశాలలో కొత్తగా చేరిన యువకుడికి బరువులు ఎత్తే పద్ధతి కన్నా ముందు మానివేయవలసిన పదార్థాల జాబితా అందుతోంది. అన్నం మానాలని ఒకరు, నూనె మానాలని ఒకరు, పాలు మానాలని వేరొకరు, పోటీకి ముందు ఉప్పు, నీరు సైతం తగ్గించాలని ఇంకొకరు చెబుతారు. మాంసం లేనిదే కండ రాదనే వాదం ఒకవైపు, శాకాహారమే అసలైన బలమనే వాదం మరొకవైపు వినవస్తాయి. ఈ రెండో వాదానికి తిరుగులేని సాక్ష్యంగా రామమూర్తి పేరును తరచుగా ముందుకు తెస్తారు. ఆయన జీవితాన్ని మొదటి నుంచి పరిశీలిస్తే ఆ సాక్ష్యం నిజంగా దేనిని బలపరుస్తుందో తెలుస్తుంది.

వీరఘట్టం చెరువుగట్టు నుంచి

రామమూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. నిన్నటి దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి కోడి వెంకన్న నాయుడు. తల్లి ఆయన చిన్నతనంలోనే మరణించింది. తల్లి లేని బిడ్డను తండ్రి గారాబంగా పెంచారు. బాలుడికి చదువు మీద కన్నా పరుగు మీద, కుస్తీ మీద మక్కువ ఎక్కువ. తెల్లవారుజామున లేచి ఊరి చెరువు దాకా పరుగెత్తి, అక్కడ కసరత్తు చేసి ఇంటికి తిరిగి రావడం ఆయన బాల్యపు అలవాటుగా ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

కుమారుడి దృష్టిని చదువు వైపు మళ్లించాలని వెంకన్న నాయుడు అతనిని విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపారు. అయితే ఫలితం మరోలా వచ్చింది. విజయనగరం ఆనాడు సంగీతానికీ సాహిత్యానికీ ఎంతటి కేంద్రమో, వ్యాయామానికీ మల్లవిద్యకూ అంతటి నిలయం. అక్కడి తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ నిత్యం సాగేవి. పినతండ్రి అభ్యంతరం చెప్పకపోగా ప్రోత్సహించారు. రామమూర్తి బరిలో దిగి కుస్తీలు గెలవడం మొదలుపెట్టారు.

అదే విజయనగరంలో నివసించిన మహాకవి గురజాడ అప్పారావు 1910లో రచించిన దేశభక్తి గీతంలో తిండికీ కండకూ, కండకూ మనిషితనానికీ ముడిపెట్టారు. ఒకే పట్టణంలో, ఒకే కాలంలో ఒకరు ఆ భావాన్ని పద్యంలో చెప్పగా, మరొకరు దేహంలో చూపారు. కరువులతో, మలేరియాతో, పరాయి పాలనతో కుంగిన నేలమీద బలమైన దేహం ఆనాడు కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు, ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

పంతులు ఉద్యోగం, సర్కసు గుడారం

కసరత్తును వృత్తిగా స్వీకరించిన రామమూర్తి మద్రాసు వెళ్లి, సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తిరిగివచ్చి విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయన బలం ఒక్కరోజులో పుట్టినది కాదనడానికి ఈ దశే ఆధారం. చిన్ననాటి పరుగు, యవ్వనంలో తాలింఖానా సాధన, ఆపై శాస్త్రీయమైన శిక్షణ, అటుపైన విద్యార్థులతో కలిసి నిత్యాభ్యాసం. ఇన్నేళ్ల వరుసలో ఒక్క మెట్టునూ ఆయన దాటవేయలేదు.

ఇరవై ఒకటో ఏటికే ఆయన ఛాతీపై టన్నున్నర బరువును మోసేవారని, తర్వాతి కాలంలో అది మూడు టన్నులకు చేరిందని జీవితచరిత్రకారులు నమోదు చేశారు. అంకెల్లో కొంత హెచ్చుతగ్గులు ఉన్నా, ఆ వరుసలో ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. ముందు కొంత, అది దేహానికి అలవాటయ్యాక మరికొంత. నేటి వ్యాయామశాస్త్రం కండర వృద్ధికి మూలసూత్రంగా చెప్పేది ఈ క్రమవృద్ధినే. కండ తనకు అలవాటైన భారం కన్నా కాస్త అధిక భారాన్ని ఎదుర్కొన్నప్పుడే పెరగడానికి కారణం దొరుకుతుంది. లేగదూడను ప్రతిరోజూ మోస్తూ పోయి, చివరకు ఎద్దునే మోశాడని గ్రీకులు తమ మల్లుడు మైలో గురించి చెప్పుకున్న గాథలో ఉన్నదీ ఇదే సూత్రం.

పాఠశాల ఆవరణ ఆయన ప్రతిభకు చాలలేదు. పొట్టి పంతులు అనే మిత్రుని సహకారంతో రామమూర్తి సర్కసు సంస్థను నెలకొల్పారు. తెలుగునాట మొదలైన ఆ సంస్థ మద్రాసు, పుణె, కలకత్తా, అలహాబాదు నగరాల మీదుగా సాగి, సముద్రం దాటి రంగూను వరకు వెళ్లింది. ఉత్తర భారతంలో ఆయన ప్రొఫెసర్ రామమూర్తిగా ప్రసిద్ధులయ్యారు. కలకత్తాలో ఆయన ప్రదర్శన చూసి ముగ్ధుడైన భవేంద్రమోహన్ సాహా ఆయన బృందంలో చేరి, అనంతర కాలంలో భీమ్ భవానీ అనే పేరుతో బెంగాల్ అంతటా పేరు పొందాడు.

ఊపిరిలో దాగిన రహస్యం

ఆయన ప్రదర్శనల్లో మూడు మరీ ప్రసిద్ధమైనవి. ఛాతీకి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి పూరించి తెంచడం ఒకటి. ఎదురెదురు దిశల్లో లాగే మోటారు కార్లను గొలుసులతో తన దేహానికి కట్టించుకొని, కదలనీయకుండా నిలపడం రెండవది. నేలపై వెల్లకిలా పడుకొని ఛాతీపై పలక పరిపించి, దానిమీద ఏనుగును నిలబెట్టుకోవడం మూడవది. వైస్రాయ్ లార్డ్ మింటో స్వయంగా నడపబోయిన కారును ఆయన కదలకుండా ఆపారనే కథ తెలుగునాట తరతరాలుగా ప్రచారంలో ఉంది.

ఈ ప్రదర్శనలకు కండబలం ఒక్కటే చాలదు. గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు ఛాతీ, పొట్ట లోపలి పీడనం పెరిగి, మొండెం గట్టి స్తంభంలా మారుతుంది. బరువులు ఎత్తే క్రీడాకారులు నేటికీ ఇదే పద్ధతి పాటిస్తారు. పలక బరువును ఒక్కచోట పడనీయకుండా విశాలంగా పంచుతుంది. అయినా మిగిలే భారాన్ని భరించాలంటే పక్కటెముకలు, వెన్ను, వాటిని పట్టి ఉంచే కండరాలు ఏళ్ల తరబడి గట్టిపడి ఉండాలి. రామమూర్తి ప్రాణాయామాన్ని నియమంగా సాధన చేశారు. వాయుస్తంభన, జలస్తంభన విద్యల్లోనూ ఆయన నిష్ణాతులని ప్రతీతి. తన బలానికి యోగసాధననే ప్రధాన కారణంగా ఆయన భావించారు.

అందువల్ల ఆయన బలానికి ఆధారాలు వరుసగా పేర్చితే, సాధన, శ్వాస, క్రమశిక్షణ, బ్రహ్మచర్యం మీద ఆయనకున్న విశ్వాసం ముందు వరుసలో నిలుస్తాయి. ఆహారం వాటి వెనుక నిలిచి, వాటన్నిటినీ మోస్తుంది. దానిని ముందుకు తెచ్చి, అదొక్కటే కారణమన్నట్టు చెప్పడం ఆయన జీవితానికి న్యాయం చేయదు.

మాంసంపై ఆనాటి వాదం

రామమూర్తి శాకాహారం ఆనాడు అంతటి చర్చకు కారణం కావడానికి ఒక నేపథ్యం ఉంది. ఆంగ్లేయులు మాంసం తింటారు కనుకనే బలవంతులై పాలిస్తున్నారనే నమ్మకం పంతొమ్మిదో శతాబ్దపు భారతీయ యువకుల్లో బలంగా ఉండేది. రాజ్‌కోట్‌లో చదువుకునే రోజుల్లో మోహన్‌దాస్ గాంధీ ఒక స్నేహితుని మాట విని రహస్యంగా మాంసం రుచి చూసింది ఆ నమ్మకంతోనే. ఆ ముచ్చటను ఆయన తన ఆత్మకథలో వివరంగా రాశారు.

వైద్యశాస్త్రం కూడా ఆ నమ్మకానికి అండగా నిలిచింది. శ్రమించే మనిషికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు అవసరమని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వోయిట్ నిర్దేశించారు. కలకత్తా వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన డేవిడ్ మెకే 1912లో వెలువరించిన గ్రంథంలో, బెంగాలీల దేహదారుఢ్యం తక్కువగా ఉండటానికి వారి ఆహారంలో మాంసకృత్తుల కొరతే కారణమని వాదించారు. దీనికి భిన్నంగా అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రస్సెల్ చిటెండెన్ 1904లో తన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. అధ్యాపకులు, సైనికులు, విద్యార్థి క్రీడాకారులకు నెలల తరబడి వోయిట్ కొలతలో సుమారు సగం మాంసకృత్తులనే ఇచ్చినా, వారి బలం తగ్గలేదని, వ్యాయామంతో పెరిగిందని ఆయన నిరూపించారు.

ఇలాంటి వాదోపవాదాల నడుమ మాంసం ముట్టని ఒక ఆంధ్రుడు ఏనుగును ఛాతీపై నిలుపుకొని లేవడం సామాన్యమైన సంగతి కాదు. పుణెలో ఆయన ప్రదర్శనను చూసిన లోకమాన్య బాలగంగాధర తిలక్ మల్లమార్తాండ బిరుదుతో సత్కరించి, భారతీయుల శక్తిని విదేశాల్లో చాటమని ప్రోత్సహించారు. అలహాబాదులో పండిత మదనమోహన మాలవీయ ఆయన విదేశీయానానికి అండగా నిలిచారు. లండన్‌లో రాజు ఐదో జార్జి, రాణి మేరీ సమక్షంలో ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనే బిరుదు పొందారు. యూరపులోని ఇతర దేశాలు కూడా ఆయన శక్తిని చూశాయి.

మినహాయింపు వేరు, కోత వేరు

శాకాహారం ఒక మినహాయింపు. అది ఆహారంలో కోత కానక్కరలేదు. ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే నేటి అయోమయంలో సగం పుడుతోంది. భారతీయ మల్లుల సంప్రదాయంలో శాకాహారి కంచం ఎన్నడూ పలచనిది కాదు. పాలు, పెరుగు, నెయ్యి, నానబెట్టి నూరిన బాదంపప్పు, పప్పుధాన్యాలు ఆ సంప్రదాయానికి మూలస్తంభాలు. మాంసం మానినవాడు ఆ లోటును వీటితో నింపాడే తప్ప కడుపు మాడ్చుకోలేదు. వ్యాయామం పెరిగిన కొద్దీ తిండి పెరిగింది.

రామమూర్తి సమకాలికుడైన మహా మల్లుడు గామా మాంసాహారి. 1910లో లండన్ వెళ్లి అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌ను ఓడించిన గామా ఆహారంలో మాంసంతో పాటు పాలు, బాదం కూడా పెద్ద పాళ్లలో ఉండేవి. పాశ్చాత్య దేశాల్లో దేహదారుఢ్యానికి పర్యాయపదమై, 1904, 1905 సంవత్సరాల్లో భారతదేశంలో పర్యటించిన యూజెన్ శాండో ప్రత్యేక ఆహార నియమాల మీద పెద్దగా విశ్వాసం ఉంచలేదు. ఇష్టమైనది మితంగా తిని, క్రమంగా వ్యాయామం చేయడమే ఆయన పద్ధతి. శాకాహారి ఒకరు, మాంసాహారి ఒకరు, నియమమే లేనివారు ఒకరు. ముగ్గురూ తమ కాలానికి బలవంతులే. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: ఏళ్ల తరబడి ఆగని సాధన, ఆ సాధనకు తగినంత తిండి.

ఏది మానాలనే ప్రశ్న కన్నా ఏది చేరాలనే ప్రశ్న ముఖ్యమని ఆ కాలంలోనే మద్రాసు రాష్ట్రంలో ఒక ప్రయోగశాల తేల్చింది. నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1920లలో ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు భారతదేశంలోని ఒక్కో ప్రాంతపు ఆహారాన్ని పెట్టారు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం ఉన్న సిక్కుల ఆహారం తిన్నవి అన్నిటికన్నా బాగా ఎదిగాయి. మరపట్టిన బియ్యం ప్రధానంగా, పాలు స్వల్పంగా ఉన్న మద్రాసు ఆహారం తిన్నవి అన్నిటికన్నా వెనుకబడ్డాయి. ఈ తేడాను అన్నం తినడం వల్ల కలిగిన దోషంగా చూడరాదు. అన్నం పక్కన ఉండవలసిన పాలు, పప్పు, ఆకుకూరలు లేకపోవడమే అసలు లోపం. మెక్‌కారిసన్ 1918లో ప్రారంభించిన ఆ చిన్న పరిశోధన కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థగా రూపొందింది.

తిండి లేని శ్రమకు సెల్యులార్ జైలు సాక్షి

రామమూర్తి కీర్తి దేశమంతటా వ్యాపిస్తున్న ఆ సంవత్సరాల్లోనే, 1906 నాటికి నిర్మాణం పూర్తయిన పోర్ట్ బ్లెయిర్ సెల్యులార్ జైలులో శ్రమకు మరో ముఖం కనిపించింది. రాజకీయ ఖైదీలను గానుగకు కట్టి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించేవారు. ఆ పనిలో కండరాలకు పడే భారం ఏ తాలింఖానా కసరత్తుకూ తీసిపోదు. అయినా ఆ గానుగ ఒక్క మల్లుడినీ తయారు చేయలేదు. చాలీచాలని నాసిరకం తిండితో, విశ్రాంతి లేని ఆ శ్రమ దేహాలను శల్యం చేసింది. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వీరులు కూడా ఆ ద్వీపాంతరవాస శిక్షను అనుభవించారు.

వ్యాయామమూ గానుగ శ్రమా దేహానికి ఒకే రకమైన భారం. వాటి ఫలితాలను వేరుచేసేవి ఆహారం, విశ్రాంతి. శ్రమతో కండరాల పోగుల్లో ఒత్తిడి కలుగుతుంది. ఆ తర్వాతి గంటల్లో, ముఖ్యంగా నిద్రలో, దేహం ఆ పోగులను మరమ్మతు చేస్తూ కొంచెం మందంగా కడుతుంది. ఆ కట్టడానికి మాంసకృత్తులు ఇటుకలైతే, పిండిపదార్థాలు, కొవ్వులు పనివారికి ఇచ్చే కూలి. శక్తి చాలనప్పుడు దేహం మాంసకృత్తులనే ఇంధనంగా వాడుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి దూలాలు విరిచి మంట పెట్టడం వంటిది ఆ స్థితి. అన్నం పూర్తిగా మాని, గంటల తరబడి బరువులు ఎత్తే యువకుడు తనకు తెలియకుండానే ఆ పని చేస్తున్నాడు.

రాజమహేంద్రవరం నుంచి అందిన ప్రయోగం

కఠిన ఆహార నియమం ఎంతటి సంకల్పబలం ఉన్నవారినైనా ఎక్కడ ఆపుతుందో చెప్పే ఉదంతం తెలుగునాటితోనే ముడిపడి ఉంది. 1929లో ఆంధ్రదేశ పర్యటనకు వచ్చిన గాంధీజీ, రాజమహేంద్రవరానికి చెందిన ప్రకృతి చికిత్సకుడు సుందరం గోపాలరావు ప్రోద్బలంతో నిప్పు తగలని పచ్చి ఆహారం మీద ప్రయోగం ప్రారంభించారు. నానబెట్టిన ధాన్యాలు, పచ్చి కూరలు, పండ్లు, కొబ్బరి మాత్రమే తీసుకుంటూ కొన్ని నెలలు గడిపారు. బరువు తగ్గింది, నీరసం వచ్చింది, చివరకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. అదే ఏడాది ఆగస్టులో ఆయన ఆ ప్రయోగాన్ని విరమించి మేకపాలు తిరిగి ప్రారంభించారు. ప్రయోగం విఫలమైన తీరును తన పత్రికలో దాచకుండా ప్రకటించారు.

అంతకుముందు కూడా పాలు విసర్జించిన గాంధీజీ 1918లో తీవ్రంగా జబ్బుపడి, కస్తూర్బా సూచన మేరకు మేకపాలతో కోలుకున్నారు. శాకాహారం ఆయనను జీవితాంతం నిలబెట్టింది. అందులోంచి పాలను కూడా తొలగించినప్పుడు దేహం రెండుసార్లు ఎదురు తిరిగింది. ఒక పదార్థాన్ని తొలగిస్తే అది అందించే పోషకాన్ని మరో దారిలో తేవాలి. పాలు, గుడ్లు, చేపలు, మాంసం నాలుగూ మానినవారికి విటమిన్ బి12 ఆహారం నుంచి దాదాపు అందదు. వారికి వైద్య సలహాతో ప్రత్యేకంగా అందించవలసిందే.

చివరి సంవత్సరాలు

రామమూర్తి సంపాదన అపారం. దానం కూడా అంతే. జాతీయోద్యమానికి, విద్యార్థులకు, ఆపన్నులకు ఆయన ధారాళంగా ఇచ్చారు. సంపద నిలవలేదు. అజేయమనిపించిన దేహానికి కూడా పరీక్ష ఎదురైంది. కాలికి ఏర్పడిన పుండు మానక, చివరకు కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు నిరాకరించి, ప్రాణాయామంతో బాధను ఓర్చుకుంటూ ఆయన ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారని ప్రతీతి. కార్లను ఆపిన కాళ్లలో ఒకటి పోయిన తర్వాత ఆయన ప్రదర్శనలు ముగిశాయి.

అవసాన దశలో ఒడిశాలోని బలంగీర్‌లో పట్నా సంస్థానాధీశుని ఆదరణలో గడిపి, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవైకి చేరువ. తనలాంటి బలాన్ని దేశంలో ప్రతి యువకుడూ సాధించగలడని ఆయన బలంగా నమ్మారు. అందుకు ఆయన చూపిన మార్గంలో రహస్య ఔషధం లేదు, నెల రోజుల్లో కండలు తెచ్చే హామీ లేదు.

ఆయన బలాన్ని నేటి కొలతల్లో చూస్తే

రామమూర్తి కాలంలో ఊహగా ఉన్న అనేక విషయాలకు నేడు కొలతలు ఉన్నాయి. ఆరోగ్యవంతుడైన వయోజనుడికి దేహపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేశాయి. కండ పెంచేందుకు బరువులతో క్రమంగా వ్యాయామం చేసేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనిపిస్తుందని, అంతకు మించితే అదనపు లాభం పెద్దగా ఉండదని 2018లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. అంటే 60 కిలోల యువకుడికి మామూలు రోజుల్లో 50 గ్రాములు, కఠిన వ్యాయామం చేసే రోజుల్లో గరిష్ఠంగా 96 గ్రాములు.

ఆ లెక్క ఇంటి వంటతోనే చేరగలదు. 300 గ్రాముల బియ్యంలో సుమారు 22 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పులో 16, అర లీటరు పాలు, పెరుగులో 16, 50 గ్రాముల వేరుశనగల్లో 12 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇంతవరకు శాకాహారమే, మొత్తం 66 గ్రాములు. రెండు గుడ్లు చేర్చితే మరో 12, వంద గ్రాముల చేప చేర్చితే మరో 19 గ్రాములు. చేప సమృద్ధిగా దొరికే అండమాన్ దీవుల్లో ఇది కష్టసాధ్యం కాదు. చేప, గుడ్డు ముట్టనివారు పప్పు, పాలు, సోయా, శనగల పాలు పెంచి అదే గమ్యం చేరవచ్చు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో సమృద్ధిగా ఉంటుంది. పప్పులో కొరవడే మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. పప్పన్నం అనే తెలుగింటి జోడు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

అన్నం మానడం ఈ లెక్కలో రెండు విధాల నష్టం. 22 గ్రాముల మాంసకృత్తులతో పాటు వ్యాయామానికి కావలసిన శక్తి కూడా పోతుంది. అధిక బరువు ఉన్నవారు కొవ్వు తగ్గించుకోవడానికి ఆహారాన్ని కొంత తగ్గించడం సబబే. అప్పుడు మాంసకృత్తులు తగ్గకుండా, బరువుల వ్యాయామం ఆగకుండా, నెమ్మదిగా తగ్గించాలి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారిలో ఆ దశలోనూ కొంత కండ పెరగవచ్చు. సన్నగా ఉన్న యువకుడు కండ కోసమని తిండి తగ్గించడం మాత్రం మొదలుకే మోసం. ఇక నీరు, ఉప్పు బాగా తగ్గించి నరాలు తేలేలా కనిపించడం వేదిక మీద ఒక్కరోజు ప్రదర్శనకు సంబంధించినది. దానివల్ల బలం పెరగదు సరికదా, ప్రాణాపాయం కూడా కలగవచ్చు.

ఆహారాన్ని కత్తిరించి, ఆ లోటును డబ్బాల్లో దొరికే ప్రొటీన్ పొడులతో పూడ్చే ధోరణి గురించి కూడా పోషకాహార సంస్థ హెచ్చరించింది. దేహదారుఢ్యం కోసం అటువంటి పొడులు వాడవద్దని, దీర్ఘకాలం అధికంగా మాంసకృత్తులు తీసుకుంటే ఎముకలకు, మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం ఉందని 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పేర్కొంది. సామాన్య కుటుంబానికి ఇది ఆరోగ్యంతో పాటు డబ్బుకు సంబంధించిన ప్రశ్న కూడా. ఒక్క డబ్బా కొనే సొమ్ముతో ఇంటిల్లిపాదికీ చాలా రోజుల పాటు పాలు, పప్పు, గుడ్లు సమకూరుతాయి.

రామమూర్తి శాకాహారం ఈ చర్చలో చెప్పేది ఇంతే. మాంసం లేకుండా మహాబలం సాధ్యమని ఆయన దేహం నిరూపించింది. మాంసం మానడం వల్లనే ఆ బలం వచ్చిందని మాత్రం నిరూపించలేదు. విశ్వాసం వల్లనో, రుచి వల్లనో, వైద్యుని సలహా వల్లనో ఒక పదార్థాన్ని మినహాయించినవారికి ఆయన జీవితం ధైర్యమిస్తుంది. కత్తిరింపే కండను తెస్తుందని నమ్మేవారికి అందులో ఆధారం దొరకదు.

శ్రీకాకుళం పట్టణంలోని క్రీడా ప్రాంగణం నేడు కోడి రామమూర్తి పేరుతోనే ఉంది. విశాఖపట్నం సాగరతీరంలో ఆయన విగ్రహం నిలిచి ఉంది. అండమాన్‌కు ఓడలు బయలుదేరే రేవుల్లో ఆ విశాఖ కూడా ఒకటి. తెల్లవారకముందే లేచి చెరువు దాకా పరుగెత్తిన వీరఘట్టం బాలుడిని ఆ విగ్రహపు భుజాల వెనుక చూడగలిగినవారికి, ఆయన బలం ఎక్కడ మొదలైందో వేరే చెప్పనవసరం లేదు.